శుక్రవారాల గది

ప్రతి శుక్రవారం ఆ గది ఊడుస్తాను.
ఆపరేషన్ బల్ల మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది,
కట్టిన తాడు ముడి కూడా ఎవరూ విప్పలేదు.
పైన బండి చక్రమంత దీపం.
దాని వెలుగులో నా నీడ ఒక్కసారీ పడలేదు.
గోడ మీద ఇత్తడి పలక, రిబ్బన్ కత్తిరించినాయన పేరు.
దాన్ని మాత్రం బూడిదతో తోమమన్నారు.

లేనిదల్లా మత్తు ఇచ్చే మనిషి.
కోసే మనిషీ లేడనుకోండి,
అయినా నర్సు లినియో ముందు మత్తు మనిషినే తలుచుకుంటుంది,
తప్పిపోయిన చుట్టాన్ని అడిగినట్టు.

జులై. లెసోతో కొండల మీద మోకాలి లోతు మంచు.
సోమవారం రాత్రి పదకొండు దాటాక గిట్టల చప్పుడు.
దుప్పటి చుట్టుకుని జీను మీద ఒరిగిపోయిన ఆడమనిషి,
కళ్లెం పట్టుకుని పన్నెండేళ్ల పిల్లాడు.
మామొహావు, హా సెఫాలి నుంచి.
మామొహావు అంటే మొహావు తల్లి. మొహావు వీడే.
గుర్రం తెల్లది.
ఎడమ పక్క మాత్రం కాదు.

లినియో చేయిపెట్టి చూసింది.
నా వైపు తిరక్కుండానే, "బండెక్కు, న్తాతె" అంది.
మరుగుదొడ్డి వెనక బండ. సిగ్నల్ అక్కడే,
అదీ అంచున ఒంటికాలి మీద నిలబడితే.
జిల్లా ఆసుపత్రి ఫోనెత్తింది.
అంబులెన్సు ఉందట. డ్రైవరూ ఉన్నాడట.
డీజిల్ చీటీ మీద సంతకం పెట్టేవాడు
గురువారం వస్తాడట.
"అలాగేనమ్మా" అన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

ఉన్ని లారీ దొరికింది.
మూటల మధ్య పడుకోబెట్టాం.
సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని లినియో ఎక్కింది.
అంటే ఆ రాత్రి క్లినిక్కి ఉన్న ఒక్క నర్సూ లేదు.
నేను, తాళాలు, ప్లాస్టిక్ కవరు.
పిల్లాడూ ఎక్కాడు. గుర్రం ఉండిపోయింది.

కనుమ దాకా ఇరవై మూడు మలుపులు.
లారీ దీపాలు పద్నాలుగో మలుపు వరకే కనిపిస్తాయి.
పద్నాలుగూ లెక్కపెట్టి లోపలికొచ్చాను.
రిజిస్టరులో 'పంపిన సమయం' రాశాను: పన్నెండూ నలభై.
పక్కనే 'చేరిన సమయం' గడి.
ఆ వరసంతా ఖాళీయే, పేజీ పైదాకా.

మూడు రోజులు గుర్రానికి జొన్నచొప్ప వేశాను.
గోరువెచ్చటి నీళ్లతో ఎడమ పక్క కడిగాను.
కడుగుతున్నంతసేపూ కదల్లేదు, తెలిసినట్టే.

ఈ పొద్దున మొహావు రొట్టెల వ్యాను దిగాడు.
జీను బిగించాడు. ఎక్కలేదు.
"ఎక్కరా, చాలా దూరం."
"జీను అమ్మది" అన్నాడు.
కళ్లెం పట్టుకుని నడిచే పోయాడు.
రెండు ప్రాణాలూ వేరుపడ్డాయా అని అడగాలి.
అడగాల్సింది అదొక్కటే.
వాడు మలుపు తిరిగేదాకా నోట్లోనే ఉంది.

ఇవాళ శుక్రవారం.
చీపురు గుమ్మం దగ్గరే ఆనించి లోపలికెళ్లాను.
ముడి గట్టిది, పళ్లతో విప్పాల్సొచ్చింది.
కవరు మొత్తం లాగేశాను.
ఎవరైనా అడిగితే
ఎలుకలని చెబుతాను.