బయటి కుట్లు

యగోదా కోటుకి కొలతలు తీస్తుంటే
మొదట పసిగట్టింది నా టేపే.
ఎడమ భుజం వేలెడు పైన.
"తిన్నగా నిలబడవే" అని కసిరాను.
తప్పు నాదే.
నిలబడటంలో లేదది, వెన్నులో ఉంది.

ఇప్పుడు మంగళవారాలు
వూచ్ మంచులో ట్రాము దిగి
బొజెనా దగ్గరికి ఫిజియోథెరపీకి.
గోడకి చెక్క నిచ్చెన, ఎదురుగా అద్దం,
పక్కటెముకల కింద బియ్యం మూట.
"ఊపిరి అటు కాదు, ఇటు" అంటుంది
లొత్తపడ్డ వైపు రెండు వేళ్లు ఆనించి.
పిల్ల కళ్లు మూసుకుంటుంది,
ఎవరూ ఉండని గదిలోకి
గాలిని బతిమాలి పంపుతున్నట్టు.
ఆ వేళ్లు
వెంట్రుకవాసి లేస్తాయి.

పక్క గదిలో రెనాటా చెప్పేది వేరే పాఠం:
బ్రేసులో నడుం వంగదు కదా,
పొడుగు కర్రతో మేజోడు ఎక్కించుకోవడం,
బల్ల ఎంత ఎత్తుండాలో మోచేతిని అడగడం.
నాకూ ఓ పని అప్పజెప్పింది.

బ్రేసు కింది బనీను
తిరగేసి కుట్టాను,
కుట్లన్నీ బయటికి, నునుపంతా చర్మానికి.
దాచాల్సినదాన్ని పైకి పెట్టడం
నలభై ఏళ్లలో ఇదే మొదలు.

ఏప్రిల్ ఎక్స్‌రేలో ముప్పై రెండు డిగ్రీలు.
కిందటిసారీ ముప్పై రెండే.
"పెరగలేదు!" అంది బొజెనా, పండగలా.

ఆ రాత్రి
"తాతా, డాన్సు గౌనుకి
భుజాలు సమం చేయగలవా?"
చేయగలను. దూది కుక్కి
ఎందరు పెళ్లికొడుకుల్ని సమం చేశానో,
ఒక బిషప్పుని కూడా.
"చెయ్యనా?"

ఊపిరి తీసుకుంది, లొత్త వైపుకి.
"వద్దులే. ఉన్నదున్నట్టు కొలువు."

టేపు తిరగేసి పట్టుకున్నానని
అదే చెప్పింది.