నీడా, వాంటా

పీణ్యా రెండో స్టేజీ, చొక్కాల కంపెనీ.
ఏడో లైనుకు ఒకటే చెక్క టోకెను.
మేం నలభై ఇద్దరం.
అది మేకుకు వేలాడుతుంటేనే బాత్రూముకు పోవాలి,
లేకుంటే మోకాళ్లు దగ్గరికి బిగించుకుని
కాలర్లు కుట్టాలి.

ఇంకో టోకెను కావాలని రాద్దామనుకున్నాం.
ఇంటర్ తప్పినా ఇంగ్లీషులో గట్టెక్కినదాన్ని,
పెన్ను నా చేతికే వచ్చింది.
క్యారేజీ మూత పక్కన కాగితం పెట్టుకుని
వియ్ డిమాండ్ అని మొదలుపెట్టాను.
సిద్ధగంగక్క చదివించుకుని, కన్నడంలో నవ్వి,
ఆ మాటకు పళ్లున్నాయే అంది.

హెచ్చార్ సారు కూడా ముందు ఆ పళ్లే చూశాడు.
ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి
డిమాండ్ కాదమ్మా, రిక్వెస్ట్ అన్నాడు.
రెండింటికీ తేడా ఏంది సార్ అంటే
కుర్చీ వెనక్కి వాల్చి చెప్పాడు:
ఒకటి నిలబడి అడిగేది, ఒకటి వంగి అడిగేది.
ఇంత బాగా ఏ టీచరమ్మా చెప్పలేదు నాకు.

మళ్లీ రాశాను.
ముందర హంబ్లీ చేర్చమన్నాడు. చేర్చాను.
కైండ్లీ ఏదీ అన్నాడు. అదీ కుట్టాను.
మాకు తెలిసిన పనే ఇది:
పోగులు కనబడే అంచును లోపలికి మడిచి,
ఇంకోసారి మడిచి, పైన ఇస్త్రీ పెట్టడం.
నాలుగోసారికి కాగితం నున్నగా తయారైంది.
టోకెను అన్న మాట మాత్రం
ఏ మడతలో పడిందో, వెతికితే గాని దొరకలేదు.

ఆ రోజు ఓబులమ్మను వెంట తీసుకుపోయాను.
కదిరి దగ్గర పల్లె ఆమెది. యాభై దాటినాయి. షుగరుంది.
లైనులో అందరికంటే ఎక్కువ సార్లు
మేకువైపు చూసేది ఆమే.
సారు కాగితం చదివి, పేపర్‌వెయిట్ కింద పెట్టి,
ఆఖరి మాట అన్నట్టు అడిగాడు:
ఇది నీడా, వాంటా?

ఓబులమ్మ నా మోచెయ్యి గిల్లింది.
'ఏమంటాండాడు మే? నీడా వంటా అంటాండాడా?
నీడా కావల్ల, వంటా కావల్ల అని చెప్పు.
రెండిట్లో ఒకటి ఇడిసిపెట్టమనేకి ఈయప్ప ఎవురు?'

నవ్వు ఆపుకుంటూ మెట్లు దిగాను.
కింది మెట్టు దగ్గర నవ్వు దానంతటదే పోయింది.

రాత్రి అబ్బిగెరె గదిలో
మా చిన్నోడి బడి డిక్షనరీ తీశాను.
ఆస్క్, రిక్వెస్ట్, ప్లీడ్, బెగ్, డిమాండ్.
ఎవరెక్కడ కూర్చోవాలో ముందే పేర్లు రాసిపెట్టిన
పెళ్లి విందు కుర్చీల్లా ఉన్నాయి.
మా ఇంట్లో వీటన్నిటికీ ఒకటే మాట, అడుగు.
నీళ్లకూ అదే, కూలికీ అదే.
కాలు ముందుకు పడితే అదీ అడుగే,
సంగటి మాడి అంటుకునేదీ అడుగే.
వేడుకోవడం, నిలదీయడం మాకు లేవని కాదు.
మొదటిది దేవుడి దగ్గర, రెండోది మొగుడి దగ్గర వాడేది మాయమ్మ.
చెక్క ముక్క కోసం ఏది వాడాలో
ఆమెకూ తెలిసుండదు.

ఐదోసారి అరకాగితం చాలింది.
వియ్ ఆస్క్ ఫర్ వన్ మోర్ టోకెన్.
సిద్ధగంగక్క, మెహరున్నీసా, బిహారు పిల్ల రింకీ,
పేర్లు వంకరగా దిగుతూ పోయాయి.
అందరికంటే కింద, కాగితం అడుగున,
ఓబులమ్మ వేలు ఒత్తింది.
'ఇంత పొట్టిగా రాసినావే, పలుకుతాడా?' అని గొణిగింది.

పలికాడు. పెండింగ్ అన్నాడు.
రిజెక్ట్ అనలేదు కదమ్మా, రెండూ ఒకటి కావు అన్నాడు.
కావేమో.
ఇప్పుడు టైము పదకొండున్నర.
మేకు ఖాళీగా ఉంది.
ఓబులమ్మ స్టూలు అంచుకు జరిగి కూర్చుని
మిషను ఆపకుండా
తలుపువైపు చూస్తోంది.