రెండంగుళాలు

ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆరింటికే షెడ్డు రేకు కాలుతోంది.
రెండు స్టాండ్ల మీద వెనక భాగం ఎత్తుకుని
నాడాలు కొట్టించుకునే ఎద్దులా
ఓపిగ్గా ఉంది ల్యాండ్ క్రూజర్.
కింద వెల్లకిలా నేను.
టనామి దారి ఎర్రమట్టి జడలోకి రాలుతోంది,
నోరు మూసుకోవాలని రెండోసారికి తెలిసింది.

కుడివైపు బోల్టు రానంది.
నూనె పోశాను. పానాకి గొట్టం తొడిగి వేలాడాను. తిట్టాను.
కంచె మీంచి నెవిల్:
"ఏ భాషలో తిడుతున్నావ్?"
తెలుగు.
"ఇంగ్లీషులో తిట్టి చూడు. పుట్టింది జపానే గానీ పెరిగిందిక్కడేగా."
తిట్టాను. రాలేదు.
గ్యాస్ మంట తెచ్చిచ్చాడు.
రబ్బరు కాలిన కంపులో
ఎప్పటికో
టిక్.

పాత కమాన్లు బయటపడ్డాయి,
నవ్వుని తిరగేసినట్టు.
ముందు దీన్ని నడిపినవాడు బోర్లు వేసేవాడట.
ఎన్ని పైపులు మోయించాడో,
దించేసినా ఇనుము నిటారు కాలేదు.

కొత్తవి బిగించి, దించి, టేపు పెట్టాను.
రెండంగుళాలు. అచ్చంగా రెండంగుళాలు!
రాణిలా ఎక్కి షెడ్డులోకి పోనిచ్చాను.
పైన ర్యాక్ దూలానికి తగిలి
ఠంగ్.

నెవిల్ ఏమీ అనలేదు,
టీ కప్పులోకి చూసుకున్నాడు.

ఇక బండి ఆరుబయటే, చుక్కల కింద.
యాభై కిలోమీటర్లు తిరిగాక
నట్లు మళ్ళీ బిగించాలని కాగితంలో ఉంది.
అంటే రేపు వెళ్ళాలి,
ఎటైనా,
యాభై కిలోమీటర్లు.