ఎనిమిది పైసలు

ఇంటిపన్ను రసీదు మడత విప్పుకుంటూ వచ్చాడాయన.
చెప్పులు గడప బయటే విడిచాడు,
గుడి అనుకుని కాదు,
రాతిపొడి లోపలికొస్తుందని.

"ఏంది మేడమ్ ఈ గ్రంథాలయ సెస్సు?
రూపాయికి ఎనిమిది పైసలంట.
పదకొండేళ్ల నించి కడతన్నా.
ఆ గ్రంథమేందో, యాడుందో
ఒకసారి చూసిపోదామని వచ్చినా."

పేరు మాలకొండయ్య.
చీమకుర్తి రోడ్డులో గ్రానైటు పాలిషింగు పని.
నల్లరాయిలో చుక్కలు తేలేదాకా రుద్దే చేతులు
ఎక్కడ ఆన్చినా అక్కడొక బూడిద వేలిముద్ర.

నాకు వెంటనే మాట రాలేదు.
పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో
కరెంటు బిల్లు ఎవరు కడతారని అడిగారు,
నోటిఫికేషన్ల పేజీ ఎవరు చించారని కొట్టుకున్నారు.
నా వాటా ఏదని అడిగింది ఈయనొక్కడే.

చూపించాను.
అదిగో ఫ్యాను, మూడు రెక్కల్లో ఒకటి మీది.
ఇదిగో పొడుగు బల్ల,
కుంటికాలి కింద మడిచిపెట్టిన పాత క్యాలెండరుతో సహా.
నాలుగు పేపర్లు,
వాటి చుట్టూ ఎనిమిది మంది రిటైరైనోళ్లు.
"ఈళ్లు గూడా నావోళ్లేనా?" అన్నాడు.
పేపరు కుడుతున్న కాలేషా
నవ్వాపుకోలేక సూది గుచ్చుకున్నాడు.

ఆదివారం నలుగురూ వచ్చారు.
భార్య అంకమ్మ, తల్లి తిరుపాలమ్మ, ఆరో తరగతి హాసిని, ఆయన.
పదకొండేళ్ల బాకీ ఒక్కపూటలో వసూలు చేసుకునేటట్టు
తలుపేసేదాకా కదల్లేదు.

తిరుపాలమ్మకు అక్షరం రాదు.
పశువుల జబ్బుల పుస్తకం తిరగేసి తిరగేసి
పొదుగువాపు బొమ్మ దగ్గర ఆగింది.
"తప్పు గీసినాడు. వాపు ఈడ రాదు, ఈ పక్క వస్తది."
పక్కావిడ కుర్చీ జరుపుకుంది.
ఆ వెనకావిడ కూడా.
'నిశ్శబ్దం పాటించండి' బోర్డును
నేనే గోడవైపు తిప్పాను.

పై ఆదివారానికి గొర్రెలోళ్లొచ్చారు.
ఆపై ఆదివారం పిల్లలు,
పాత రిజిస్టర్ల అట్టల మీద
వాళ్ల నాన్నలు నడిపే క్రేన్లు గీశారు.
ఒకడు నన్ను గీశాడు, కళ్లద్దాలు మాత్రమే.

వారోత్సవాల చివరి రోజు
'ఇంటిల్లిపాదీ చదువుదాం' అని పోటీ పెట్టాను.
బహుమతి స్టీలు బేసిను, అప్పు మీద తెచ్చింది.
ముఖ్య అతిథి పంచాయతీ సెక్రటరీ, మెడలో దండ.
ఒక ఇంటివాళ్లు నీతికథ చదివారు,
ఒక ఇంటివాళ్లు ఆవకాయ కొలతలు
తలా ఒక దినుసు పంచుకుని చదివారు.
మాలకొండయ్య ఇంటివాళ్లు లేచారు.
హాసిని రసీదు విప్పింది.

"ఇంటి పన్ను నాలుగు వందల ఇరవై.
గ్రంథాలయ సెస్సు
ముప్ఫై మూడు రూపాయల అరవై పైసలు."
గొంతు స్పష్టంగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు.
అంకమ్మ కూర్చోలేదు.
"ఆ డబ్బులు మీకు జేరినయ్యా మేడమ్?"

నేను దండ వైపు చూడలేదు.
ఫ్యాను వైపు చూశాను.
"మూడేళ్లయిందమ్మా చేరక" అన్నాను.

బేసిను ఆవకాయ వాళ్లకే వెళ్లింది,
న్యాయనిర్ణేతలు మరి వేరే.

మర్నాటి నుంచి రసీదులు రావడం మొదలు.
కొంగున కట్టినవి, తడిసి ఆరినవి,
గోడ మేకు నుంచి పీకితే నడుమ బొక్కపడ్డవి.
పొడుగు బల్ల నిండిపోయింది.
ఎనిమిది మంది పెద్దాయనలు పేపర్లు పక్కన పెట్టి కూడుతున్నారు.
ఒక్కొక్కరికి ఒక్కో మొత్తం వస్తోంది.
ఎవరో ఒక ఇంటిని రెండుసార్లు కలిపారు.
ఎవరో తన ఇల్లే మరిచిపోయారు.
"మళ్లీ మొదట్నించి" అంటాడు మాలకొండయ్య,
డ్యూటీ దిగి నేరుగా వచ్చి,
ప్రతి రసీదు మీదా బూడిద ముద్ర వేస్తూ.

రేపు శుక్రవారం, మాకు సెలవు.
లెక్క ఇంకా తేలలేదు.
"ఎన్నింటికి తీస్తారు?" అని హాసిని అడిగింది.
ఎనిమిదింటికి, అన్నాను.