మూడు వేళ్ళ సందు

చూపు పోయాక ఇసతాయ్ తాత
తాజీ కుక్కను చేత్తోనే చదువుతాడు.

తుంటి ఎముకల నడుమ
నా వేళ్ళు మూడు పెట్టమన్నాడు. పట్టాయి.
తోకను కాళ్ళ సందులోంచి లాగి
నడుము మీదికి తెమ్మన్నాడు. అందింది,
చివర ఉంగరం తిరిగి.
డొక్క వెన్నుకంటుకుంది,
తిండి పెట్టలేదేమో అన్నాను.
నవ్వాడు.

అక్తావు నుంచి జీపులో వచ్చినాయన
అప్పటికే నోట్లు లెక్కపెడుతున్నాడు.

తాత మూతి విరిచాడు:
"దీని అమ్మమ్మ మందకాపు కుక్కతో తిరిగింది.
సంకరం. మీ గుమ్మానికి తగదు."

జీపు లేపిన దుమ్ము
ఉప్పునేల మీద అణిగేదాకా
ఎవరం మాట్లాడలేదు.

తర్వాత గొర్రెతోక కొవ్వు ముక్కొకటి
దాని నోటికందించి,
చెవి వెనక తడుముతూ,
ఎప్పుడో చచ్చిపోయిన ఆ అమ్మమ్మను
పేరుపెట్టి పిలిచి
తప్పయిందన్నాడు.