మూడో షిఫ్టు

గురువారం, ట్రాము దిగి
బొహుమీర్ హావ్లాస్ వస్తాడు,
చంకలో దోసకాయల ఊరగాయ సీసా.
ఊరగాయ కాదు, నీళ్ళు.
మూతకింకా సోయకూర వాసన వదల్లేదు.
"మూత మార్చండి, లెక్క తప్పుతుంది" అంటాను.
"మారుస్తాను" అంటాడు.
మూడు వారాలుగా అదే మూత.

మా కొట్టుకి మూడు మెట్లు.
ఒక్కో మెట్టు మీదా ఆగుతాడు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు భూమి అడుగున బొగ్గు కొట్టినవాడు;
తను బయటికొచ్చాడు గానీ
లోపలికెళ్ళిన దుమ్ము బయటికి రాలేదు.
నేను కుర్చీ జరుపుతాను, చూడనట్టు.
ఆయన కూర్చుంటాడు, అలసిపోనట్టు.

గాజు గొట్టంలో అయిదు మిల్లీలీటర్లు.
ఈ సీసాలోంచి ఎనిమిది చుక్కలు, ఆ సీసాలోంచి ఎనిమిది.
అయిదు నిమిషాలు ఆగాలి.
కిటికీ అవతల ఓస్ట్రావా
డిసెంబరు పొగలో మునిగి ఉంది,
ఎవరో నీళ్ళు మార్చడం మరిచిపోయిన తొట్టిలా.

"ఎలా ఉన్నాయి?"
"పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.
నియాన్లు ఆరు పోయాయి.
ఏంజెల్ ఓ పక్కకి ఒరిగింది.
ఇక్కడ, ఇక్కడ ఎర్రగా..."
చేపకి మొప్పలెక్కడుంటాయో
తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించాడు.

పసుపుపచ్చగా ఉండాల్సింది
ఆకుపచ్చకి తిరిగింది.
రెండూ పచ్చలే.
మధ్యన తేడా ఊపిరంత.

"ఏం చేశారు? నిజం చెప్పండి."
డాక్టరుకి సిగరెట్ల లెక్క చెప్పేవాడిలా
పైకప్పు కేసి చూశాడు.
"శుభ్రం చేశాను.
ఫిల్టరు స్పాంజి తీస్తే నల్లటి నీళ్ళు కారాయి.
వేడినీళ్ళ కొళాయి కింద,
సబ్బు వెయ్యలేదు, ఒట్టు,
తేటనీళ్ళు వచ్చేదాకా పిండాను.
ప్రతి ఆదివారం."

నాకు తెలుసు ఆ పిండడం.
మా నాన్నా ఆ గనివాడే.
ఒళ్ళంతా తోముకొచ్చాక కూడా
రెప్పల అంచున కాటుకలా మిగిలిన గీత కోసం
అద్దం ముందు, తువ్వాలు కొనతో, అరగంట.
నలుపు కనబడితే చెయ్యి ఊరుకోదు
ఈ ఊరి మగవాళ్ళకి.

ఎలా చెప్పను?
మీరు కడిగేసింది ఉత్త మురికి కాదు.
అందులో కంటికానని మూక ఒకటి కాపురముంటుంది.
చేప వదిలిన విషాన్ని
రాత్రీ పగలూ తిని చేపని నిలబెడుతుంది.
జీతం అడగని మూడో షిఫ్టు.
దాన్నంతా వారం వారం
కాలవలోకి పంపేశారు మీరు.

చెప్పాను. విన్నాడు.
చాలాసేపటికి,
"మురికి తీస్తే చచ్చిపోయాయి" అన్నాడు.
నవ్వబోతే దగ్గొచ్చింది.
అది ఆగేదాకా గొట్టం పట్టుకుని నించున్నాను.
నా చేతిలో ఆకుపచ్చ ఇంకాస్త ముదిరింది.

మందుల అరకేసి చూడకండి, అవేవీ అమ్మను.
రెండ్రోజులు తిండి మానండి,
చేపలకి, మీకు కాదు.
రోజూ పావువంతు నీళ్ళు మార్చండి.
కొళాయి నీళ్ళు రాత్రంతా బకెట్లో ఉంచి,
పొద్దున్నే వెచ్చచేసి,
పసిపిల్లకి పోసేముందు చూసినట్టు
మోచెయ్యి ముంచి చూసి, మెల్లగా.

తర్వాత నా పెద్ద తొట్టి మూత తీసి
నాలుగు నెలల స్పాంజిని కత్తెరతో సగం చేశాను.
గోధుమరంగు బురద మోచేతిదాకా కారింది.
ఆ నీళ్ళతోనే సంచిలో కట్టిచ్చాను.
"ఎంత?"
"మురికికి డబ్బు పుచ్చుకుంటే
మా నాన్న లేచొస్తాడు."

బయట మంచు.
కోటు బొత్తాలు విప్పి
చొక్కా లోపల పెట్టుకున్నాడు దాన్ని, చలి తగలకుండా.
ఆ పక్కనే, పక్కటెముకల వెనక,
ఇంకో స్పాంజి ఉంది.
దాన్ని పిండడం ఎవరి తరమూ కాలేదు.

తర్వాతి గురువారం రాలేదు.
ఆ పై గురువారం వచ్చాడు,
మెట్టు మెట్టుకీ ఆగి.
ఏంజెల్ పోయిందట.
అడుగున తిరిగే కోరీలు రెండూ,
నియాన్ ఒకటీ మిగిలాయట.

పదహారు చుక్కలు. అయిదు నిమిషాలు.
ఏమీ మాట్లాడుకోలేదు.

పసుపుపచ్చ.
దాదాపు.
అంచున కాస్త అనుమానం.
సీసాకి మాత్రం
కొత్త మూత.