సోహో రోడ్డులో ఇనప్పెట్టె

నెలకోసారి, మొదటి మంగళవారం,
చర్చి గోడ పక్కనున్న ఇనప్పెట్టె తెరుస్తాం.
తాళంచెవి ఒకటి నా దగ్గర,
ఒకటి కానిస్టేబుల్ విన్‌స్టన్ దగ్గర.
మందపాటి తొడుగులు వేసుకుని
చేపల్ని తీసినట్టు తీస్తాం, తోక పట్టుకుని.

ఈసారి నలభై ఒకటి.
రెండేమో రంపపు పళ్ళవి,
ఎవడో పోస్టులో తెప్పించుకున్నవి.
మిగతావన్నీ వంటింటివే.
రొట్టె కోసేది. బంగాళాదుంప చెక్కు తీసేది.
ఒకదాని పిడి సందులో పసుపు,
ఎంత తోమినా వదలని పసుపు.
విన్‌స్టన్ పుస్తకంలో "మరక" అని రాసుకున్నాడు.
నేనేమీ అనలేదు.

నేను పుట్టినింట్లో కత్తిపీట ఉండేది.
అక్కడ కత్తి కదిలేది కాదు,
కాలి కింద అణిగి కూర్చునేది.
వంకాయే దాని దగ్గరికి వెళ్ళాలి.
దాన్ని జేబులో వేసుకుని
ఎవడూ బడికి పోలేడు.

మార్చిలో మంత్రిగారొచ్చారు.
పెట్టె మీద చెయ్యేసి ఫొటో దిగారు.
కొనాలంటే వయసు కార్డు, పట్టుబడితే జైలు.
మంచిదే, కాదనను.
కానీ వెనక మూసేసిన షట్టరుని
పేపరువాళ్ళు ఫొటోలోంచి కత్తిరించేశారు.
అది బెవర్లీ నడిపిన కుర్రాళ్ళ క్లబ్బు.
ఒక టేబుల్ టెన్నిస్ బల్ల, వెన్న రాసిన టోస్టు,
రాత్రి తొమ్మిది దాకా వెచ్చగా హీటరు.
దాని అద్దె ఎంతో, ఒక హత్య కేసు ఖర్చెంతో
లెక్క చెప్పబోయాను.
మైకు ఇంకెవరి చేతికో వెళ్ళిపోయింది.

గుడిలో ప్రసాదం తింటూ మనవాళ్ళన్నారు:
"ఆ పిల్లలంతేనండీ. లోపలెయ్యాలి."
ఆ పిల్లలు.
"ఆ" అన్న ఒక్క అక్షరం
ఎంత దూరం నెట్టేస్తుందో మనిషిని.
అప్పుడు నేనూ తలూపాను.

ఆ పసుపు కత్తి మా ఇంటిదే.
దుప్పట్లు మారుస్తుంటే సాకేత్ పరుపు కింద దొరికింది.
కొట్టలేదు. కొట్టడానికి చెయ్యి లేవలేదు.
వాడే అన్నాడు, గోడకేసి చూస్తూ:
"పెట్టెలో వేసేస్తానమ్మా.
మరి డెబ్భై నాలుగు దిగాక
ఇంటిదాకా నువ్వొస్తావా?"

విన్‌స్టన్ పుస్తకంలో
ఈ ప్రశ్నకి గడి లేదు.

ఇప్పుడు చిక్కుళ్ళు చేత్తోనే తుంచుతున్నాను.
ఐదింటికి పొయ్యి కట్టేసి
కోటు వేసుకుని స్టాపుకి వెళతాను.
పదకొండు నిమిషాల నడక.
వాడు నాతో మాట్లాడడు, రెండడుగులు ముందుంటాడు.

నిన్న మా వెనక
ఇంకో ఇద్దరు నడిచారు, బడి బ్యాగులతో.
ఎవరి పిల్లలో.
నేను నడక కాస్త నెమ్మది చేశాను.